మంజూరుకూ రైలుకూ మధ్య

ముప్పై ఏళ్ల కిందటి ఉత్తర తెలంగాణ రైలు పటంలో రెండు నిలువు గీతలు ఉండేవి. పడమటి గీత సికింద్రాబాద్ నుంచి కామారెడ్డి, నిజామాబాద్ మీదుగా మన్మాడ్ వైపు పోయేది. తూర్పు గీత కాజీపేటలో మొదలై పెద్దపల్లి, రామగుండం దాటి బల్లార్షా చేరేది. ఈ రెంటి నడుమ కరీంనగర్, జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, వేములవాడ, సిద్దిపేట ఉన్నాయి. సాంచాల (మరమగ్గాల) చప్పుడుతో తెల్లవారే ఊళ్లు కొన్ని, పసుపు, వరి పండించే ఊళ్లు కొన్ని, ఇంటికొకరు బొంబాయికో దుబాయికో పోయిన ఊళ్లు మరికొన్ని. వీటిలో ఒక్కదానికీ అప్పటికి రైలు లేదు. సిరిసిల్ల జిల్లాలోని ఎల్లారెడ్డిపేట మనిషి రైలెక్కాలంటే బస్సులో కామారెడ్డికి పోవాలి. సిరిసిల్ల నేతన్న భీవండికి పోవాలన్నా ముందు రైలున్న ఊరు వెతుక్కోవాలి.

ఆ రెండు గీతలను కలుపుతూ ఇప్పుడు ఒక అడ్డగీత ఉంది. పెద్దపల్లి నుంచి కరీంనగర్, జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, ఆర్మూర్ మీదుగా నిజామాబాద్ దాకా 177 కిలోమీటర్ల లైను అది. 1993–94 బడ్జెట్‌లో మంజూరైంది, పూర్తయ్యేసరికి 2017 వచ్చింది. మంజూరైన ఏడు పుట్టిన పిల్లలు చదువు ముగించి ఉద్యోగాలు వెతుక్కునే వయసుకు చేరారు. ఇంకో లైను మనోహరాబాద్ నుంచి గజ్వేల్, సిద్దిపేట, సిరిసిల్ల, వేములవాడ మీదుగా కరీంనగర్ పక్కనున్న కొత్తపల్లికి రావాలి. దాని మంజూరు 2006–07 నాటిది. సిద్దిపేట దాకా రైలు వచ్చింది, సిరిసిల్ల ఇంకా ఎదురుచూస్తోంది.

ఈ రెండు లైన్ల కథను కలిపి చదివితే ఒక విషయం తేటపడుతుంది. రైలు మార్గాన్ని మొదలుపెట్టడం తేలిక, ముగించడం కష్టం. దాని విలువలో పెద్ద వాటా మాత్రం ఆ ముగింపులోనే ఉంది. ఎక్కడెక్కడ ఆలస్యమవుతుందో, ఎందుకవుతుందో అర్థమైతే మనం ఎవరిని ఏం అడగాలో కూడా తెలుస్తుంది.

నడుమ ఎందుకు ఖాళీ?

నిజాం రాజ్యంలో రైలు 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు వచ్చింది. బొంబాయి–మద్రాసు లైనుతో హైదరాబాద్‌ను కలపడం దాని పని. తర్వాత కాజీపేట, వరంగల్ మీదుగా బెజవాడ దాకా లైను పడింది. 1900 ప్రాంతంలో హైదరాబాద్ నుంచి నిజామాబాద్, నాందేడ్ వైపుగా మన్మాడ్ దాకా మీటరు గేజు లైను వేశారు. మరాఠ్వాడా పత్తి బొంబాయి చేరడానికి అది దారి. కాజీపేట–బల్లార్షా మార్గం 1929లో పూర్తయింది. దాంతో ఢిల్లీ–మద్రాసు మధ్య నేరు దారి ఏర్పడి, గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ ఆ ఏడాదే మొదలైంది.

ఈ మార్గాలన్నీ దూరంలో ఉన్న రెండు పెద్ద చోట్లను కలపడానికి వేసినవి. పత్తి, బొగ్గు, సైన్యం, తపాలా వాటి అవసరాలు. దారిలో పడిన ఊళ్లకు స్టేషన్లు వచ్చాయి. అందుకే పెద్దపల్లి, కామారెడ్డి రైలున్న ఊళ్లయ్యాయి. జిల్లా కేంద్రమైనా కరీంనగర్ రెండు దారులకూ నడుమ ఉండిపోయింది. నిజామాబాద్ నుంచి పెద్దపల్లికి రైల్లో పోవాలంటే సికింద్రాబాద్ దిగి, కాజీపేట చుట్టి, మళ్లీ ఉత్తరానికి ఎక్కాలి. అది 350 కిలోమీటర్ల పైమాటే. నేరుగా పోతే అందులో సగం.

కేంద్రంలో ఇక్కడి అవసరం తెలిసిన మనిషి ఉన్నప్పుడు ఈ ఖాళీకి పరిష్కారం దొరికింది. పి.వి. నరసింహారావు పెరిగింది వంగరలో. 1957 నుంచి 1977 దాకా శాసనసభకు మంథని నుంచే ఎన్నికయ్యారు. ఆయన ప్రధానిగా ఉన్న రోజుల్లోనే పెద్దపల్లి–కరీంనగర్–నిజామాబాద్ లైను మంజూరైంది. అప్పటికి నిజామాబాద్‌లో ఉన్నది మీటరు గేజే. పెద్దపల్లి వైపు నుంచి వచ్చే బ్రాడ్ గేజు బండి అటు కలవాలంటే ఆ పాత లైను కూడా మారాలి. అంటే ఈ 177 కిలోమీటర్లు పూర్తి ప్రయోజనం ఇవ్వడం ఇంకో పెద్ద పని మీద ఆధారపడి ఉండేది.

మంజూరంటే ఏమిటి?

లైను మంజూరైందని పేపర్లో రాగానే ఊళ్లో మిఠాయిలు పంచుకుంటాం. నిజానికి ఆ మంజూరుతో వచ్చేది పని మొదలుపెట్టుకోవచ్చన్న అనుమతి. పనికి కావలసిన డబ్బంతా ఆ రోజే పక్కన పెట్టరు. 2016–17 దాకా రైల్వేకు విడిగా బడ్జెట్ ఉండేది, ఆ తర్వాత సాధారణ బడ్జెట్‌లో కలిపారు. అప్పుడైనా ఇప్పుడైనా ఒక్కో లైనుకు ఏటా కొంత కేటాయిస్తారు. అది వంద కోట్లు కావచ్చు, ఐదు కోట్లు కావచ్చు, పేరు చెరిగిపోకుండా ఉంచే నామమాత్రపు మొత్తం కూడా కావచ్చు.

ఆ తేడా ఎక్కడ మొదలవుతుందో చూడాలి. కొత్త లైను మీద పెట్టే డబ్బుకు ఏటా ఎంత రాబడి వస్తుందని రైల్వే లెక్క కడుతుంది. చాలా కాలం 14 శాతం రాబడి ఉంటేనే లాభదాయకమని ఒక ప్రమాణం ఉండేది. బొగ్గు గనికో ఓడరేవుకో పోయే లైను ఆ లెక్కలో నెగ్గుతుంది. జగిత్యాల, కోరుట్ల వంటి ఊళ్లను కలిపే లైను నెగ్గడం కష్టం. అలాంటివాటిని వెనుకబడిన ప్రాంతాల అభివృద్ధి కోసమని మంజూరు చేస్తారు. మంజూరులో ఉదారంగానే ఉంటారు. ఏటా డబ్బు పంచే వేళకు మాత్రం రాబడి తెచ్చే లైన్లు ముందు వరుసలో నిలబడతాయి, మిగతావి వెనక్కి జరుగుతాయి.

వెనక్కి జరిగిన లైనుకు ఏమవుతుందో చిన్న లెక్కతో చూద్దాం. ఒక లైనుకు 1,000 కోట్లు కావాలనుకోండి. ఏటా 50 కోట్లు ఇస్తున్నారు. స్టీలు, సిమెంటు, కూలి, భూమి ధరలు కలిపి ఏటా 5 శాతం పెరుగుతున్నాయి. మొదటి ఏడు 50 కోట్లు ఖర్చు పెడితే 950 కోట్ల పని మిగులుతుంది. ఏడాది తిరిగేసరికి అదే పని ఖరీదు 997 కోట్లు దాటుతుంది. రెండో ఏడు ఇంకో 50 కోట్లు పెడితే మిగిలిన పని ఖరీదు దాదాపు 995 కోట్లు. మూడో ఏడు ముగిసేనాటికి 992 కోట్లు. మూడేళ్లలో 150 కోట్లు ఖర్చయ్యాయి, తగ్గిన భారం మాత్రం 8 కోట్లు. ఇరవై ఏళ్లలో అవుతుందని చెప్పిన పని ఈ లెక్కన పోతే ఒక తరం దాటినా కాదు. అదే లైనుకు ఏటా 250 కోట్లు ఇస్తే ఐదేళ్లలో రైలు నడుస్తుంది.

ఇది ఒక్క మన లైనుకు పట్టిన గతి కాదు. 2014 జూలై 8న రైల్వే మంత్రి సదానంద గౌడ తన బడ్జెట్ ప్రసంగంలో ఈ సంగతి దాచకుండా చెప్పారు. ముప్పై ఏళ్లలో 1,57,883 కోట్ల రూపాయల విలువైన 676 ప్రాజెక్టులు మంజూరయ్యాయి. వాటిలో పూర్తయినవి 317. మిగిలిన 359 పూర్తి చేయడానికి 1,82,000 కోట్లు కావాలి. అంటే సగం పనులు అయ్యాక మిగిలిన సగం ఖరీదు మొత్తం తొలి అంచనాను మించిపోయింది. అంతకు ముందు పదేళ్లలో 60,000 కోట్లతో మంజూరైన 99 కొత్త లైన్లలో ఆనాటికి పూర్తయింది ఒక్కటేనని కూడా ఆయన చెప్పారు. ప్రతి నియోజకవర్గానికీ ఒక లైను ప్రకటించి, అన్నింటికీ కొంచెం కొంచెం డబ్బు పంచితే జరిగేది ఇదే. ఏ ఊరికీ లేదనరు, ఏ ఊరికీ రైలు రాదు.

జగిత్యాలలో ఆగిన పదేళ్లు

పెద్దపల్లి–నిజామాబాద్ లైను పని పెద్దపల్లి వైపు నుంచి మొదలైంది. కొత్త శతాబ్దం మొదట్లో కరీంనగర్‌కు రైలు వచ్చింది. 2007 నాటికి పట్టాలు జగిత్యాల చేరాయి. అక్కడి స్టేషన్ పేరు లింగంపేట జగిత్యాల. అప్పటికి సుమారు 83 కిలోమీటర్లు అయ్యాయి, అంటే సగానికి కొంచెం తక్కువ. మిగతా సగం కోసం ఇంకో పదేళ్లు పట్టింది.

ఆ పదేళ్లలో పూర్తయిన 83 కిలోమీటర్లు ఏం చేశాయి? లైను ఉంది, స్టేషన్లున్నాయి, సిబ్బంది ఉన్నారు. తిరిగే బళ్లు మాత్రం కొద్ది. జగిత్యాల నుంచి రైల్లో పెద్దపల్లికి పోవచ్చు, అక్కడ ఇంకో బండి పట్టుకోవచ్చు. హైదరాబాద్ పోయేవాడికి అది చుట్టుదారి, బస్సే నయం. బొంబాయి పోయేవాడికి అది ఎదురు దిక్కు. పడమటికి పోవలసిన మనిషిని తూర్పుకు తీసుకుపోయే రైలు ఎంతమంది ఎక్కుతారు? ప్రయాణికులు తక్కువని బళ్లు పెంచరు, బళ్లు లేవని ప్రయాణికులు రారు. రెండు కొసలూ కలవని లైను ఎన్ని కిలోమీటర్లున్నా ఒక కొస మూసిన వీధి లాంటిది. అందులో ఉన్నవాళ్లే తిరుగుతారు, దాటిపోయేవాళ్లు ఉండరు.

2017 మార్చిలో నిజామాబాద్ దాకా రైలు నడిచాక లెక్క మారింది. చివరి ముక్క పొడవు మొత్తంలో కొంతే. అయినా అది పడ్డాకే కోరుట్ల, మెట్‌పల్లి, ఆర్మూర్ తూర్పు, పడమర రెండు దిక్కులకూ తెరుచుకున్నాయి. నిజామాబాద్‌తో ఆగే ముంబయి లోకమాన్య తిలక్ టెర్మినస్ వారపు రైలును కరీంనగర్ దాకా పొడిగించారు. రాత్రంతా బస్సులో కూర్చుని బొంబాయి పోయే కోరుట్ల, మెట్‌పల్లి మనిషికి పడుకుని పోయే వీలు దొరికింది, వారానికి ఒక్కసారైనా. రామగుండం వైపు నుంచి పడమటికి పోయే సరుకుకు కాజీపేట, సికింద్రాబాద్ చుట్టకుండా దగ్గరి దారి ఏర్పడింది. ఇక్కడి బియ్యానికీ పసుపుకూ కూడా ఆ దారి పనికొస్తుంది.

ఖర్చు చివరికి తొమ్మిది వందల కోట్ల రూపాయలు దాటింది. మొదట అనుకున్నది అందులో చిన్న భాగమే. ఆలస్యం ఖరీదును లెక్క కట్టేటప్పుడు మనం పెరిగిన ఈ ఖర్చు దగ్గరే ఆగిపోతాం. పెట్టిన డబ్బు పదేళ్లు పనిచేయకుండా పడి ఉండటం ఇంకో నష్టం. ఆ పదేళ్లూ బస్సుల్లో, అద్దె జీపుల్లో పోయిన జనం చేతి డబ్బు మూడో నష్టం. ఆ మూడోదాన్ని ఏ బడ్జెట్ పుస్తకంలోనూ రాయరు.

భూమి దగ్గర ఏం జరుగుతుంది?

డబ్బు తర్వాత పెద్ద ముడి భూమి. రోడ్డుకు, రైలుకు ఒక తేడా ఉంది. గుట్ట వస్తే రోడ్డు ఎక్కి దిగుతుంది, ఊరు వస్తే వంపు తిరుగుతుంది. వేల టన్నుల బరువు లాగే రైలు అలా చేయలేదు. వంద మీటర్ల పొడవులో ఒక్క మీటరు ఎత్తు పెరిగినా గూడ్సు బండికి భారమే. అందుకని పల్లంలో మట్టి పోసి కట్ట కడతారు, మెట్టలో తవ్వి దారి చేస్తారు. కట్ట ఎంత ఎత్తయితే అడుగున అంత వెడల్పు భూమి కావాలి. గీత నేరుగా పోవాలి కాబట్టి ఒకరి పొలం తప్పించి ఇంకొకరి పొలంలోకి జరపడం సర్వే అయ్యాక దాదాపు కుదరదు.

దీనివల్ల రైతుకు పోయే భూమి ఒకటి, మిగిలే భూమిలో వచ్చే చిక్కు ఇంకొకటి. నాలుగెకరాల పొలం నడుమ నుంచి కట్ట పోతే పోయేది ఎకరమే కావచ్చు. బావి ఒక పక్కన, మడి ఇంకో పక్కన మిగిలిపోతాయి. ట్రాక్టరు అండర్‌పాస్ వెతుక్కుంటూ పోవాలి, వానాకాలంలో ఆ అండర్‌పాస్‌లో నీళ్లు నిలుస్తాయి. ఈ నష్టానికి ఎకరం రేటు ఒక్కటే కొలత కాదు. 2014 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త భూసేకరణ చట్టం ఈ విషయంలో పాత 1894 చట్టం కంటే మెరుగు. గ్రామీణ భూమి మార్కెట్ విలువను రెండు రెట్ల దాకా పెంచి, దాని మీద నూరు శాతం అదనంగా ఇవ్వాలని చెబుతుంది. చిక్కు ఆ మార్కెట్ విలువ దగ్గర వస్తుంది. రిజిస్ట్రేషన్ కాగితంలో రాసే ధర ఒకటి, ఊళ్లో నడిచే ధర ఇంకొకటి. లైను వస్తుందన్న వార్తతోనే చుట్టుపక్కల ధర పెరుగుతుంది, భూమి ఇచ్చే రైతుకు మాత్రం పాత కాగితం ధరే ఆధారమవుతుంది.

భూసేకరణ ఆగిందంటే రైతులు మొండికేశారని చెప్పేవాళ్లు ఉంటారు. చాలాచోట్ల ఆగేది నష్టపరిహారం డబ్బు కలెక్టర్ ఖాతాలో పడనందువల్ల. డబ్బు పడితే ఆర్డీఓ సంతకం, అవార్డు, స్వాధీనం వరుసగా సాగుతాయి. నడుమ పది గుంటలు కాగితాలు తేలక మిగిలినా ఆ చోట కట్ట తెగి ఉంటుంది. అటు ఇటు కిలోమీటర్ల కొద్దీ పని అయి కూడా బండి కదలదు.

సిరిసిల్ల లైనులో కొత్తగా చేసింది ఏమిటి?

మనోహరాబాద్–కొత్తపల్లి లైను 151 కిలోమీటర్లు. మంజూరైన తర్వాత తొలి పదేళ్లలో దాని గతి కూడా పాతదే. కాగితం మీద ఉంది, నేల మీద లేదు. రాబడి లెక్కలో ఇది నిలబడదు కాబట్టి రైల్వే షరతులు పెట్టింది. రాష్ట్ర ప్రభుత్వం భూమి ఉచితంగా ఇవ్వాలి, నిర్మాణ ఖర్చులో మూడో వంతు భరించాలి, రైలు నడిచాక మొదటి ఐదేళ్ల నష్టాన్ని కూడా భరించాలి. ఉమ్మడి రాష్ట్రంలో అది ముందుకు సాగలేదు. 2014లో తెలంగాణ ఏర్పడ్డాక కొత్త ప్రభుత్వం ఆ షరతులకు ఒప్పుకుంది. అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర రావు నియోజకవర్గం గజ్వేల్. హరీశ్ రావు సిద్దిపేట నుంచి, కె.టి. రామారావు సిరిసిల్ల నుంచి శాసనసభలో ఉన్నారు. లైను ఈ మూడు చోట్ల మీదుగా పోతుంది. రాజకీయ బలం ఎక్కడుంటే అక్కడ పని కదలడం మన దేశంలో కొత్త కాదు. పెద్దపల్లి లైను మంజూరు కావడానికీ ఒక ప్రధాని బలమే తోడైంది.

2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండలో ప్రధాని నరేంద్ర మోదీ తాగునీటి పథకం మిషన్ భగీరథను ప్రారంభించిన రోజునే ఈ లైనుకూ శంకుస్థాపన చేశారు. 2020లో గజ్వేల్ దాకా పట్టాలు చేరాయి. 2022లో గజ్వేల్‌కు ఎరువులతో గూడ్సు బండి వచ్చింది. 2023 అక్టోబరు 3న మనోహరాబాద్ నుంచి సిద్దిపేట దాకా 76 కిలోమీటర్ల మార్గాన్ని ప్రధాని నిజామాబాద్ సభ నుంచి జాతికి అంకితం చేశారు. సిద్దిపేట–సికింద్రాబాద్ రైలు మొదలైంది. శంకుస్థాపన నుంచి సగం లైనుకు ఏడేళ్లు పట్టింది. పెద్దపల్లి లైను మంజూరు నుంచి జగిత్యాల చేరడానికి అంతకు రెట్టింపు కాలం పట్టిన సంగతి గుర్తు చేసుకుంటే ఇది మేలే.

ఈ మేలుకు కారణం ఒప్పందం. ఎవరు ఏం ఇవ్వాలో రాతపూర్వకంగా తేలింది. భూమి బాధ్యత రాష్ట్రానిది, పట్టాల బాధ్యత రైల్వేది. అయితే ఒప్పందానికి ఒక బలహీనత కూడా ఉంది. ఇద్దరు భాగస్వాములున్న పనిలో ఒకరు ఆగితే ఇంకొకరికి ఆగడానికి సాకు దొరుకుతుంది. రాష్ట్రం తన వాటా వేయలేదని రైల్వే అంటుంది, రైల్వే పని చూపలేదని రాష్ట్రం అంటుంది. ఒప్పందంలో వాటాల పక్కన తేదీలు కూడా ఉంటేనే అది పూర్తి ఒప్పందం.

సిద్దిపేట దాటాక దారి కూడా కష్టమవుతుంది. గుర్రాలగొంది, చిన్నలింగాపూర్ మీదుగా సిరిసిల్ల వచ్చి, వేములవాడ, బోయినపల్లి, వెదిర మీదుగా కొత్తపల్లి చేరాలి. ఈ దారిలో మానేరు ఉంది. మిడ్ మానేరు జలాశయం నిండాక నదిని దాటడం విశాలమైన నీటిని దాటడంగా మారింది. దాని మీద పొడవైన రైలు వంతెన కట్టాలి. వంతెన ఎంత పెద్దదైతే పునాదులకు అంత ఎండాకాలం కావాలి, నీటిమట్టం ఎప్పుడు తగ్గుతుందో చూసుకుంటూ పనిచేయాలి. మట్టి కట్టలు ఎంత ముందే అయినా వంతెన పూర్తయ్యే రోజే రైలు రోజు. సిరిసిల్ల, వేములవాడ లైను గురించి ఒకే ఒక్క ప్రశ్న అడిగే అవకాశం దొరికితే ఆ వంతెన గురించే అడగాలి.

మహానగరాల్లోనూ ఇదే కథ

పల్లె ప్రాంతం కాబట్టి ఇలా జరిగిందని అనుకోనవసరం లేదు. సిరిసిల్ల, సిద్దిపేట బస్సులు పోయి ఆగే జూబ్లీ బస్ స్టేషన్ (జేబీఎస్) పక్కనే హైదరాబాద్ మెట్రో స్టేషన్ ఉంది. ఆ మెట్రో మార్గం జేబీఎస్ నుంచి ఫలక్‌నుమా దాకా పోవాలన్నది ప్రణాళిక. 2010లో ఒప్పందం కుదిరింది, 2017 నవంబరు 28న నగరంలో మొదటి మెట్రో నడిచింది, 2020 ఫిబ్రవరి 7న జేబీఎస్–మహాత్మా గాంధీ బస్ స్టేషన్ (ఎంజీబీఎస్) ముక్క తెరుచుకుంది. ఎంజీబీఎస్ నుంచి ఫలక్‌నుమా దాకా సుమారు ఐదున్నర కిలోమీటర్లు మిగిలిపోయింది. ఇరుకు వీధులు, పాత కట్టడాలు, ప్రార్థనా స్థలాలు ఉన్న పాతబస్తీలో దారి మీద వివాదాలు తేలలేదు. దానికి మళ్లీ 2024 మార్చిలో శంకుస్థాపన చేయవలసి వచ్చింది. చార్మినార్ చుట్టూ బతికే లక్షల మందికి మెట్రో ఉన్న నగరంలోనే మెట్రో లేకుండా పోయింది.

న్యూయార్క్‌లో సెకండ్ అవెన్యూ సొరంగ రైలును ప్రతిపాదించింది 1919 ప్రాంతంలో. తర్వాత ఆర్థిక మాంద్యం వచ్చింది, యుద్ధం వచ్చింది. 1972లో తవ్వకం మొదలుపెట్టారు, మూడేళ్లకే నగరం దివాళా అంచుకు చేరి పని ఆపేశారు. 2017 జనవరి 1న మూడు కొత్త స్టేషన్లతో మొదటి ముక్క తెరుచుకునే నాటికి దాదాపు వందేళ్లు గడిచాయి. అంత సంపద ఉన్న నగరంలోనూ ఆగిన కారణాలు మనకు తెలిసినవే. డబ్బు వరుసగా రాలేదు, దారి మీద ఒప్పందం నిలవలేదు. ఇంజనీర్లకు సొరంగం తవ్వడం తెలియక ఆగలేదు.

పట్టాలు పడ్డాక

చివరి స్లీపరు వేసిన రోజే రైలు రాదు. రైల్వే భద్రతా కమిషనర్ వచ్చి పట్టాలు, వంతెనలు, సిగ్నళ్లు, గేట్లు చూసి, వేగంగా బండి నడిపించి, ప్రయాణికులను అనుమతించవచ్చని రాసి ఇవ్వాలి. ఆ అధికారి రైల్వే శాఖ కింద కాకుండా పౌర విమానయాన శాఖ కింద పనిచేస్తారు. కట్టినవాడే తన పనికి తాను సర్టిఫికెట్ ఇచ్చుకోకూడదన్న నియమం అది. ఈ తనిఖీని ఆలస్యమని విసుక్కోవద్దు, మన ప్రాణాలకు అదే రక్ష.

అనుమతి వచ్చాక ఇంకో ప్రశ్న ఉంటుంది. ఏ బండి, ఏ వేళకు, ఎన్ని? ఈ ప్రశ్న మీదే లైను బతుకు ఆధారపడి ఉంటుంది. ఉదయం పది గంటలకు ఆఫీసులో ఉండవలసిన మనిషికి పదకొండున్నరకు నగరం చేరే బండి పనికిరాదు. రాజన్న దర్శనానికి సోమవారం తెల్లవారుజామున వేములవాడ చేరాలనుకునే భక్తుడికి మధ్యాహ్నం బండి అక్కరకు రాదు. పెద్దపల్లి–నిజామాబాద్ లైను మీద పట్టాలు పూర్తయ్యాక దానికి తగినట్టు బళ్లు పెరగలేదన్నది ఆ దారి ఊళ్లవాళ్ల ఫిర్యాదు, అది న్యాయమైన ఫిర్యాదు. ఇంత ఖర్చుతో వేసిన దారిని రోజులో కొన్ని గంటలే వాడుకోవడం కట్టిన ఇంటికి తాళం వేయడమే.

ఎల్లారెడ్డిపేట, వీర్నపల్లి, గంభీరావుపేట, ముస్తాబాద్ మండలాలకు కూడా దీనితో పని ఉంది. లైను ఈ ఊళ్ల గుండా పోదు. సిరిసిల్లలో స్టేషన్ వచ్చిన రోజు ఇక్కడివాళ్లలో చాలామందికి కామారెడ్డి కంటే దగ్గరి రైలు దొరుకుతుంది. స్టేషన్ దాకా పోయే బస్సు రైలు వేళకు ఉంటేనే ఆ దగ్గరితనం నిజమవుతుంది. జగిత్యాల రైలు స్టేషన్ పేరులోనే లింగంపేట ముందుంది. పట్టణం ఒకచోట, స్టేషన్ ఒకచోట ఉన్నప్పుడు ఆ మధ్య దూరానికి ఆటో ఖర్చు కట్టేది ప్రయాణికుడే. సిరిసిల్ల స్టేషన్ కట్టే వేళే బస్సు ఆగే చోటు, సాంచాల బట్ట ఎక్కించే గూడ్సు షెడ్డు, ఎడ్ల బండి, ట్రాక్టరు దాటే అండర్‌పాస్ కూడా తేల్చుకోవాలి. కట్టాక మార్చడం చాలా ఖరీదు.

ఇప్పుడు అడగవలసినవి

సిద్దిపేట కొసను ఇప్పుడు చూడండి. సికింద్రాబాద్ నుంచి వచ్చే బండి అక్కడితో ఆగి వెనక్కి పోతుంది. 2007 నుంచి 2017 దాకా జగిత్యాల ఎలా ఉందో ఇవాళ సిద్దిపేట అలా ఉంది. ఇక్కడి నుంచి కొత్తపల్లి దాకా ఉన్న సగం లైను పడితే ఈ దారి పెద్దపల్లి–నిజామాబాద్ లైనుతో కలుస్తుంది. సిరిసిల్ల నేతన్నకు ఒక పక్క హైదరాబాద్, ఇంకో పక్క కరీంనగర్, నిజామాబాద్, బొంబాయి అందుతాయి. కొత్తపల్లి జంక్షన్ అవుతుంది. కరీంనగర్ నుంచి హైదరాబాద్‌కు పెద్దపల్లి, కాజీపేట చుట్టకుండా రైలు వస్తుంది. సగం లైను మీద పెట్టిన డబ్బంతా అప్పుడే పూర్తిగా పనిచేస్తుంది.

కాబట్టి ఎన్నికల వేళ మన ఊరికి వచ్చే నాయకులు ఇంకో కొత్త లైను సర్వే ప్రకటిస్తే చప్పట్లు కొట్టే ముందు నాలుగు ప్రశ్నలు అడుగుదాం. ఈ ఏడు బడ్జెట్‌లో కొత్తపల్లి లైనుకు కేంద్రం ఎంత పెట్టింది, అందులో నిరుడు ఎంత ఖర్చయింది? రాష్ట్రం తన మూడో వంతులో ఎంత కట్టింది? సిరిసిల్ల, వేములవాడ వైపు ఏ ఊళ్లో ఎన్ని గుంటల భూమి ఇంకా స్వాధీనం కాలేదు, ఆ రైతులకు డబ్బు ముట్టిందా? మానేరు వంతెన పునాదులు ఎన్ని లేచాయి? ఈ నాలుగూ సమాచార హక్కు దరఖాస్తుతో ఎవరైనా తెప్పించుకోగల వివరాలు. చదువుకున్న పిల్లలు ప్రతి మండలంలో ఉన్నారు. ఏడాదికి ఒకసారి ఈ నాలుగు సమాధానాలు తెచ్చి గ్రామపంచాయతీ గోడ మీద అంటిస్తే పని ఎక్కడ ఆగిందో ఊరంతటికీ తెలుస్తుంది.

ముందు తరం జగిత్యాలలో పదేళ్లు పోగొట్టుకుంది. ఎవరి చేతిలో ఏం ఆగిందో అప్పట్లో చాలామందికి తెలియదు. ఇప్పుడు తెలుసు. తెలిసీ అడగకపోతే సిద్దిపేట కొస కూడా ఇంకో పదేళ్లు అక్కడే ఉంటుంది. కొత్త లైన్ల కోరికలు ఎన్నైనా ఉండవచ్చు, వాటిలో చాలా న్యాయమైనవే. మొదలుపెట్టిన దాన్ని ముగించాకే వాటి వంతు రావాలి. సిరిసిల్ల జిల్లా జనం ముందుగా, గట్టిగా, కలిసి అడగవలసింది ఇదొక్కటే.